కోపం లేనంత మాత్రాన సరిపోతుందా?

యంత్రానికి కోపం, పగ, భయం ఉండవు కాబట్టి మనిషి సైనికుడి కంటే రోబో సైనికుడే నయమని ఒక వ్యాసంలో రాశారు. కొంత నిజమే. పగతో ఊళ్లకు ఊళ్లు తగలబెట్టిన సైన్యాలు చరిత్రలో బోలెడు. కానీ కోపంతో పాటు జాలి, అనుమానం కూడా పోతాయి కదండీ.

1983 సెప్టెంబరులో అమెరికా అయిదు క్షిపణులు వదిలిందని సోవియట్ హెచ్చరిక వ్యవస్థ చూపించింది. డ్యూటీలో ఉన్న అధికారి స్టానిస్లావ్ పెట్రోవ్ నమ్మలేదు. నిజంగా దాడికి దిగేవాళ్లు అయిదింటితో మొదలుపెడతారా అని ఆలోచించి, తప్పుడు అలారమని పైవాళ్లకు చెప్పాడు. తీరా చూస్తే, మేఘాల మీద పడ్డ ఎండను చూసి ఉపగ్రహం పొరబడింది. ఆ కుర్చీలో ప్రోగ్రాం ఉండి ఉంటే? తలచుకుంటేనే ఒళ్లు జలదరిస్తుంది.

2003 ఇరాక్ యుద్ధంలో క్షిపణులను గాల్లోనే కూల్చే అమెరికా పేట్రియాట్ వ్యవస్థ, మిత్రదేశమైన బ్రిటన్ టోర్నడో యుద్ధవిమానాన్ని శత్రు క్షిపణిగా లెక్కగట్టింది. సిబ్బంది పక్కనే ఉన్నారు, అయినా తెర మీద కనిపించిందే నమ్మి కూల్చేశారు. విమానంలోని ఇద్దరూ చనిపోయారు. అందుకే ఇలాంటి యంత్రాలపై ‘మనిషి పర్యవేక్షణ ఉంటుంది’ అన్న ఒక్క మాటతో నాకు ధైర్యం రాదు.

సైనికుడు తప్పు చేస్తే కోర్టు మార్షల్ ఉంది. చేతులెత్తి లొంగిపోతున్నవాణ్ని యంత్రం కాల్చేస్తే బోనులో ఎవరిని నిలబెడతారు? కమాండర్నా, కోడ్ రాసినవాళ్లనా, అమ్మిన కంపెనీనా? ఒకరి మీద ఒకరు తోసుకుంటారు. మందుపాతరలపై 1997లో ఒప్పందం చేసుకున్నట్టే, మనుషులను తనంతట తానే ఎంచుకుని చంపే యంత్రాలనూ నిషేధించాలి. అదీ అవి సైన్యాల చేతుల్లో మామూలు కాకముందే.