పాత జీపుకు ముందు బ్రేకులు, ఆ తర్వాతే రంగులు

బంగారుపాళ్యం మామిడి తోటల్లోనూ, పలమనేరు, కుప్పం వైపు టమాటా చేల దగ్గరా, భాకరాపేట అడవి అంచు పల్లెల్లోనూ పాత మహీంద్రా జీపులు, మారుతీ జిప్సీలు ఇంకా కనిపిస్తాయి. కొన్ని ఇప్పటికీ పనిలో ఉన్నాయి. మరికొన్ని పశువుల కొట్టం పక్కన టార్పాలిన్ కింద ఏళ్ల తరబడి నిలిచిపోయాయి. వాటిని ఇంటి దగ్గరే విప్పి, బాగుచేసి, మళ్లీ రోడ్డెక్కించాలన్న ఆసక్తి యువకుల్లో గట్టిగా కనిపిస్తోంది. ఈ పనిని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. అయితే మొదటి రూపాయి ఎక్కడ ఖర్చుపెట్టాలన్న విషయంలో యజమానులు, ఏ మార్పును అనుమతించాలన్న విషయంలో చట్టం సరైన వరుసను పాటించడం లేదన్నది నా అభిప్రాయం.

ఈ పనికి మన ప్రాంతం అనువైనది. సముద్రపు ఉప్పుగాలి తగిలే చెన్నై బండ్లతో పోలిస్తే, రాయలసీమ పొడి వాతావరణంలో పెరిగిన బండికి ఛాసిస్ (బండి బరువును మోసే ఇనుప చట్రం) తుప్పు తక్కువగా ఉండే అవకాశం ఎక్కువ. పాత విడిభాగాలకు పేరుపడ్డ చెన్నై పుదుపేట ఒక వైపు, బెంగళూరు జేసీ రోడ్డు మరో వైపు ఉన్నాయి. రెండూ ఉదయం బయలుదేరి రాత్రికి తిరిగి రాగలిగిన దూరంలోనివే. లేత్ పని, టింకరింగ్, డీజిల్ పంపు కాలిబ్రేషన్ తెలిసిన పనివాళ్లు తిరుపతి ఆటోనగర్‌లో దొరుకుతారు. కార్బురేటర్‌ను చేతితో విప్పి సరిచేసిన తరం మెకానిక్కులు విశ్రాంతి తీసుకునేలోపు ఆ విద్యను పక్కన నిలబడి నేర్చుకోవడానికి ఇంటి పునరుద్ధరణ కంటే మంచి సందర్భం రాదు.

ఈ బండ్ల పుట్టుకను గమనిస్తే సమస్య ఎక్కడుందో అర్థమవుతుంది. విల్లీస్ లైసెన్సుతో మహీంద్రా తయారుచేసిన సీజే-3బీ జీపు 80 అంగుళాల వీల్‌బేస్ (ముందు, వెనుక చక్రాల మధ్య దూరం) మీద, సుమారు 2.2 లీటర్ల పెట్రోలు ఇంజనుతో నడిచేది. 1985లో ప్యూజో 2,112 సీసీ డీజిల్ ఇంజనుతో ఎంఎం 540 వచ్చింది. అదే ఏడాది 970 సీసీ ఇంజనుతో మారుతీ జిప్సీ కూడా వచ్చింది. బురదలోనూ, రాళ్ల దారిలోనూ నెమ్మదిగా సాగడానికి రూపొందిన పాత జీపులకు నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే ఉండేవి. పెడల్ మీద కాలి ఒత్తిడిని పెంచి అందించే బ్రేకు బూస్టర్ ఉండేది కాదు. అన్నింటికంటే ముఖ్యంగా, బ్రేకు ఆయిల్ మొత్తం ఒకే సర్క్యూట్‌లో ప్రవహించేది. అంటే ఏదో ఒక చక్రం దగ్గర రబ్బరు గొట్టం పగిలినా, బ్రేకు షూలను డ్రమ్ముకు నొక్కే వీల్ సిలిండర్ కారినా నాలుగు చక్రాల బ్రేకులూ ఒక్కసారిగా పోతాయి.

పొలం గట్టు మీద ఈ లోపం అంతగా బయటపడదు. చిత్తూరు–పలమనేరు మధ్య మొగిలి ఘాట్‌లోనో, తిరుపతి–మదనపల్లె దారిలోని భాకరాపేట ఘాట్‌లోనో అది ప్రాణాంతకమవుతుంది. దిగుడులో పెడల్ మీద కాలు తీయకుండా నడిపితే డ్రమ్ములు వేడెక్కి షూల పట్టు సడలుతుంది. బ్రేకు ఆయిల్‌కు గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. ఏళ్ల తరబడి మార్చని ఆయిల్ ఆ వేడికి మరిగి ఆవిరి బుడగలు ఏర్పడితే పెడల్ మెత్తగా నేలకు దిగిపోతుంది. కాబట్టి ఇంటి పునరుద్ధరణలో తొలి ఖర్చు కొత్త బ్రేకు పైపులు, గొట్టాలు, వీల్ సిలిండర్లు, రెండు సర్క్యూట్ల మాస్టర్ సిలిండర్ (పెడల్ నొక్కగానే ఆయిల్‌ను చక్రాల వైపు నెట్టే భాగం), బూస్టర్‌లకే వెళ్లాలి. ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు అమర్చగలిగితే మరీ మంచిది. ఆ తర్వాతి స్థానం స్టీరింగ్‌ది. కింగ్ పిన్ బేరింగులు, టై రాడ్ చివరలు, స్టీరింగ్ బాక్సు అరిగిన జీపు వేగం పెరిగేసరికి ముందు చక్రాలతో సహా విపరీతంగా ఊగుతుంది. పెద్ద టైర్లు తొడిగితే ఆ ఊపు ఇంకా ఎక్కువవుతుంది. అయినా బ్రేకుల సంగతి చూడకుండానే పెద్ద టైర్లు, ఇరుక్కున్న బండిని లాగే విన్చ్, వరుస లైట్లు కొనేవారు చాలామంది ఉన్నారు. ఆ బండిలో కూర్చునే కుటుంబాన్ని తలచుకుంటే ఆందోళన కలుగుతుంది.

ఛాసిస్ విషయంలో కొత్త పెయింటును చూసి ఏ నిర్ణయానికీ రాకూడదు. కమాన్ కట్టలు తగిలించే బ్రాకెట్ల చుట్టూ, బాడీ బోల్టుల దగ్గర, నేల రేకు కింద సుత్తితో తట్టిచూస్తే తుప్పు తిన్నచోట శబ్దం మొద్దుబారుతుంది. వెల్డింగుకు ముందు బ్యాటరీ తీగలు విప్పాలి, ఇంధన ట్యాంకు దించాలి, బండిని ఇటుకల మీద కాక గట్టి స్టాండ్ల మీదే నిలపాలి. ఇంజను పని మన మెకానిక్కులకు బాగా తెలిసినదే కనుక దాని గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. ఒక్క విషయం మాత్రం గమనించాలి. పాత పెట్రోలు బండ్ల రబ్బరు గొట్టాలు, ఇంధన పంపులోని పలుచని పొర (డయాఫ్రమ్) నేటి 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలును తట్టుకునేందుకు తయారైనవి కావు. వాటిని ఇథనాల్‌కు తట్టుకునే రకంతో మార్చుకోకపోతే, ఇంధనం కారి బానెట్ కింద మంటలు లేచే ప్రమాదం ఉంటుంది.

ఫోర్ వీల్ డ్రైవ్‌లో జరిగే పొరపాటు ఇంతకంటే లోతైనది. సీజే-3బీ ఆక్సిల్ నిష్పత్తి 5.38, అంటే చక్రాలు ఒక్క చుట్టు తిరగాలంటే వాటికి శక్తిని తెచ్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ 5.38 చుట్లు తిరగాలి; ఇంత నిష్పత్తి ఉన్న బండి హైవే మీద అరుస్తుందే తప్ప పరుగెత్తదు. అందుకని కొందరు తక్కువ నిష్పత్తి ఉన్న వెనుక ఆక్సిల్ హౌసింగ్ తెచ్చి బిగించి, ముందు ఆక్సిల్‌ను పాతదే ఉంచుతారు. వెనుక చక్రాల శక్తితోనే నడిచినంతకాలం హాయిగానే ఉంటుంది. ఫోర్ వీల్ వేసిన క్షణం నుంచి ముందు చక్రాలు ఒక వేగంతో, వెనుక చక్రాలు మరో వేగంతో తిరగాలని చూస్తాయి; ఆ ఒత్తిడంతా ముందు, వెనుక ఆక్సిళ్లకు శక్తిని పంచే ట్రాన్స్‌ఫర్ కేసు మీద, ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాసుల మీద పడి ఏదో ఒకటి విరుగుతుంది. మారిస్తే రెండు ఆక్సిళ్లలో ఈ నిష్పత్తిని నిర్ణయించే పళ్ల చక్రాలను (క్రౌన్ పినియన్‌లను) ఒకే నిష్పత్తికి మార్చాలి, లేదంటే రెండింటినీ ముట్టుకోకూడదు. నిష్పత్తులు సరిపోయినా, పొడి తారు రోడ్డు మీద ఫోర్ వీల్ వేసి పరీక్షించడం కూడా తగదు. మలుపులో చక్రాలు కాస్త జారే వీలున్న మట్టి నేల మీదే దాన్ని వాడాలి.

ఇక చట్టం సంగతి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు నిర్దేశించిన స్వరూపానికి విరుద్ధంగా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే మాటను స్పష్టం చేసింది. అదే ఏడాది వచ్చిన సవరణతో, అనుమతిలేని ప్రతి మార్పుకూ యజమానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించే వీలు కలిగింది. బండి ముందు బంపరుకు బిగించే, పాదచారుల ప్రాణాలకు ముప్పు తెచ్చే ఇనుప చట్రాలను (బుల్ బార్లను) కేంద్రం 2017 చివర్లో వద్దనడం, ఇంజను మారిస్తే ముందస్తు అనుమతి తీసుకుని కొత్త నంబరును ఆర్సీలో నమోదు చేయించాలనడం సబబే. అయితే 1970ల నాటి జీపుకు డిస్క్ బ్రేకులో, మూడు బిందువుల సీటు బెల్టో అమర్చుకునే యజమానిని, టైర్లు బయటికి పొడుచుకొచ్చేలా మార్చినవాడిని ఒకే గాటన కట్టడం న్యాయం కాదు.

ప్రత్యామ్నాయం కోసం ఎక్కడికో వెళ్లనవసరం లేదు. గ్యాస్ కిట్లకూ, పాత వాహనాలను విద్యుత్తుతో నడిపే కిట్లకూ పరీక్షా సంస్థల ఆమోదం పొందే విధానం ఇప్పటికే ఉంది. దివ్యాంగుల కోసం వాహనాన్ని మార్చుకునే అవకాశం కూడా చట్టంలోనే ఉంది. మార్పులకు ప్రమాణాలు నిర్దేశించే అధికారాన్ని 2019 సవరణ కేంద్రానికి అప్పగించింది. ఆ అధికారాన్ని ఉపయోగించి రెండు సర్క్యూట్ల బ్రేకులు, డిస్క్ బ్రేకులు, సీటు బెల్టుల వంటి భద్రతా భాగాలకు కిట్ల వారీగా ఆమోదం ఇచ్చి, తనిఖీ తర్వాత ఆర్సీలో నమోదు చేసే పద్ధతి తేవాలి. 15 ఏళ్లు దాటిన సొంత కారు రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ రుసుమును 2022 ఏప్రిల్ నుంచి 600 రూపాయల నుంచి 5,000కు పెంచిన ప్రభుత్వం, అంత చెల్లించే యజమాని బండిని మరింత భద్రంగా మార్చుకోవడానికి కూడా దారి చూపాలి.

యజమాని కూడా పని మొదలుపెట్టకముందే ఒక నిర్ణయానికి రావాలి. 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజనుల్లో పెద్ద మార్పులు లేకుండా నిలిచిన వాహనానికి 2021 నాటి నిబంధనల కింద వీఏ అక్షరాలున్న ప్రత్యేక వింటేజ్ నంబరు లభిస్తుంది. అలాంటి బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు తప్ప రోజువారీ వాడకానికి తిప్పకూడదు. పెట్రోలు ధరకు భయపడి ఒకప్పుడు డీజిల్ ఇంజను ఎక్కించిన జీపులకు ఆ దారి దాదాపు మూసుకుపోయినట్టే. అలాంటి బండిని కొనేముందు ఆర్సీలో ఇంధనం డీజిల్‌గా నమోదైందో లేదో చూడాలి. ఛాసిస్ మీద చెక్కిన నంబరును, ఇంజను నంబరును కాగితాలతో ఒక్కో అంకె చొప్పున సరిపోల్చాలి. ఎర్రచందనం అక్రమ రవాణా కారణంగా శేషాచలం చుట్టుపక్కల దారుల్లో తనిఖీలు జరిగే జిల్లాలివి. అరిగిపోయిన, గీకినట్టున్న ఛాసిస్ నంబరు ఉన్న బండి ఎంత చవకగా వచ్చినా, అమ్మేవాడు ఎంత తెలిసినవాడైనా వదిలేయాలి.