తేడా తమరికి బాగానే తెలుసన్నమాట!

ఒకే వీడియో గేమ్‌కి దేశానికో ధరగా వెలసిన మహారాజశ్రీ రీజనల్ ప్రైస్ గారి దివ్యసముఖానికి,

నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ మేం క్షేమం. తమరు కూడా క్షేమంగా, దినదిన ప్రవర్ధమానంగా ఉన్నారని ఆన్‌లైన్ గేమ్ స్టోర్‌లో నా విష్‌లిస్ట్ తెరిచినప్పుడల్లా తెలుస్తూనే ఉంది.

నిన్న మధ్యాహ్నం సంగతి తమరికి గుర్తుండకపోవచ్చు. రోజుకి ఎంతమందిని గుమ్మంలో ఆపుతుంటారో, అందరి మొహాలూ గుర్తుపెట్టుకోవడం కష్టమే. నేనే గుర్తుచేస్తాను. వేరే దేశంలో ఉన్న మా ఫ్రెండూ నేనూ కలిసి ఆడదామని ఒక కో-ఆప్ గేమ్ అనుకున్నాం. సేల్ నడుస్తోంది. వాడికి కనిపించే ధర నాకు కనిపించే ధరలో సగం కూడా లేదు. "నువ్వు కొనకురా, నీ కాపీ కూడా నేనే గిఫ్ట్‌గా పంపిస్తా" అన్నాడు. కాదనడానికి నేనేమన్నా పబ్లిషర్‌నా? సరే అన్నాను.

వాడు గేమ్‌ని కార్ట్‌లో వేసి, గిఫ్ట్ అని టిక్ పెట్టి, ఫ్రెండ్స్ లిస్ట్ తెరిచాడు. కాసేపటికి నాకో స్క్రీన్‌షాట్ వచ్చింది. అందరి పేర్లూ మామూలుగానే ఉన్నాయి. నా పేరొక్కటే బూడిదరంగులో పాలిపోయి ఉంది. పక్కన చిన్న అక్షరాల్లో, ధరల్లో తేడా ఉన్నందువల్ల ఈ యూజర్‌కి పంపడం కుదరదని ఒక ముక్క. లాగౌట్ అయ్యి మళ్ళీ వచ్చాడు, బ్రౌజర్ మార్చాడు, ఫోన్‌లో యాప్ తెరిచి చూశాడు, సపోర్ట్‌కి టికెట్ పెట్టాడు. హాయిగా ఆడుకోవాల్సిన మధ్యాహ్నమంతా ఆ బూడిదరంగు పేరు చూడ్డంతోనే సరిపోయింది.

ధరల్లో తేడా ఉన్నందువల్ల! ఆ ముక్క దగ్గర నుంచి నా మనసు కదలట్లేదండీ.

ఎందుకంటే ఇన్నేళ్ళలో తేడా ఉందని తమరు నాతో ఒప్పుకోవడం ఇదే మొదలు. గేమ్ పేజీలో నాకు కనిపించేది ఒకటే అంకె. లోకమంతటికీ ఇదే ధర అన్నంత ధీమాగా నిలబడి ఉంటుంది. అవతలి దేశంలో ఇంకో అంకె ఉందని ఆ పేజీలో ఏ మూలా ఉండదు. ఇక్కడ ఎక్కువెందుకని స్టోర్‌ని అడిగితే "ధర పబ్లిషర్ ఇష్టం" అంటుంది. పబ్లిషర్‌ని అడిగితే "స్టోర్ సూచించిన ధరే పెట్టాం" అంటాడు. తేడా గురించి ఎవరికీ ఏమీ తెలియదు, పాపం. కానీ మావాడు నా పేరు మీద నొక్కబోయాడో లేదో, వాడి ధరెంత, నా ధరెంత, ఇవాళ్టి మారకం రేటెంత, మధ్యలో ఎంత తేలింది, అన్నీ రెప్పపాటులో చిల్లరతో సహా తెలిసిపోయాయి. అడిగితే తెలియని తేడా దాటబోతే ఎలా తెలిసిందండీ?

అక్కడితో ఊరుకుందామనే అనుకున్నాను. కానీ నాకో పాడుబుద్ధి పుట్టింది. వాడు నాకు పంపలేడు, సరే. మరి నేను వాడికి పంపగలనా? అదే గేమ్ కార్ట్‌లో వేసి, గిఫ్ట్ అని టిక్ పెట్టి, లిస్ట్ తెరిచాను. వాడి పేరు నిక్షేపంగా ఉంది! నొక్కితే నొక్కుకుంటోంది. కార్డు వివరాలు ఇవ్వమంటోంది. శుభాకాంక్షలు రాయడానికి ఒక ఖాళీ పెట్టె, పక్కన ఎంచుకోవడానికి నవ్వు మొహాలు కూడా ఉన్నాయి. వాడు అక్కడ సగం ధరకి కొనుక్కోగల గేమ్‌ని నేను ఇక్కడి నుంచి రెట్టింపు పెట్టి పంపిస్తానంటే ధరల్లో తేడా ఎవరికీ అడ్డు రాలేదు.

మనుషులు వాళ్ళే, గేమ్ అదే, తేడా అంతే. అటు నుంచి ఇటు వస్తే కుదరదు, ఇటు నుంచి అటు వెళ్తే నవ్వు మొహం. అలాంటప్పుడు ధరల్లో తేడా ఉన్నందువల్ల అని ఎందుకు రాయడం? మాకు రావాల్సింది తగ్గుతున్నందువల్ల అని రాయొచ్చు కదా. కనీసం ఒక నిజం చదివామన్న తృప్తి అయినా మిగిలేది.

తమరి పుట్టుక మంచిదే, కాదనను. డాలర్ ధరని మారకం రేటుతో గుణించి మొహాన కొడితే లోకంలో సగం మంది గేమ్ కొనలేరని, జనం కొనుగోలు శక్తిని బట్టి ధర ఉండాలని తమరిని తీసుకొచ్చారు. పైరసీ తప్ప ఇంకో దారి తెలియని ఎంతోమంది కుర్రాళ్ళు మొదటిసారి డబ్బు పెట్టి ఒరిజినల్ కొన్నది తమరి చలవే. వాళ్ళలో నేనూ ఒకణ్ణి. మొదటిసారి నా లైబ్రరీలో నా డబ్బుతో కొన్న గేమ్ కనిపించినప్పుడు ఇన్‌స్టాల్ కూడా చెయ్యకుండా చాలాసేపు దాన్నే చూశాను. ఆ రోజు తమరి మీద నాకు కలిగిన గౌరవం నిజం. పైరసీ చాలావరకు ధర సమస్య కాదు, సేవ సమస్య అని స్టీమ్ అనే గేమ్ స్టోర్‌ని నడిపే వాల్వ్ కంపెనీ అధినేత గేబ్ న్యూవెల్ 2011లో అన్నారు. చక్కటి మాట. డబ్బు పట్టుకుని నిలబడ్డవాడికి పేరు బూడిదరంగులో చూపించడం ఏ రకం సేవో ఆయన్నే అడగాలి.

కొనుగోలు శక్తిని బట్టి ధర అన్నారు తమరివాళ్ళు. ఎవరి కొనుగోలు శక్తి? నా జీతం తమరు ఎప్పుడూ అడగలేదు. తమరు చూసేది నేను ఏ దేశంలో ఉన్నాను, నా కార్డు ఏ దేశం బ్యాంకుది అన్నది మాత్రమే. ఒకే దేశంలో కోటీశ్వరుడికీ కాలేజీ కుర్రాడికీ ఒకే ధర, సరిహద్దు అవతల చాలీచాలని జీతగాడికి ధనిక దేశపు ధర. పైగా కొనుగోలు శక్తి మాట ఎప్పుడూ నిలబడిందీ లేదు. ఆస్ట్రేలియానే చూడండి. 2018 దాకా స్టీమ్‌లో వాళ్ళకి ధరలు అమెరికన్ డాలర్లలోనే ఉండేవి. మారకం రేటు గొడవే లేదు. అయినా కొన్ని పెద్ద గేములకి అమెరికా వాడికి ఒక ధర, ఆస్ట్రేలియా వాడికి అవే డాలర్లలో అంతకన్నా పెద్ద ధర. డబ్బాలో డిస్క్ పెట్టి ఓడలో పంపితే రవాణా ఖర్చు అనుకోవచ్చు. డౌన్‌లోడ్‌కి ఏ సముద్రం అడ్డొచ్చింది?

ఆ దేశం వాళ్ళు ఊరుకోలేదు లెండి. సాఫ్ట్‌వేర్, గేములు, పాటలు అన్నిటికీ కలిపి పార్లమెంటు కమిటీ విచారణ వేశారు. 2013 మార్చిలో యాపిల్, మైక్రోసాఫ్ట్, అడోబీ ప్రతినిధుల్ని సమన్లిచ్చి మరీ పిలిపించారు. అదే ఏడాది జూలైలో వచ్చిన నివేదికలో, ఇలాంటి ప్రాంతీయ అడ్డుగోడల్ని దాటే హక్కు వినియోగదారులకి చట్టంలో స్పష్టంగా ఉండాలని, ఎంతవరకు దాటొచ్చో జనానికి తెలియజెప్పే మార్గాలు చూడాలని సిఫార్సు చేశారు. ఒక పార్లమెంటు కమిటీ సబబే అన్న పనిని నేను వేరే దేశంలో ఉన్నట్టు చూపించే వీపీఎన్‌తో చేస్తే మాత్రం నా అకౌంట్ మూసేస్తానని తమరి షరతుల్లో ఉంటుంది.

యూరప్‌లో కథ ఇంకోలా నడిచింది. చెక్ రిపబ్లిక్, పోలండ్, హంగరీ లాంటి చోట్ల తక్కువ ధరకి అమ్మిన గేమ్ కీలు, అంటే గేమ్‌ని తెరిచే కోడ్‌లు, పక్క దేశాల్లో యాక్టివేట్ కాకుండా తాళం వేశారని 2021 జనవరిలో యూరోపియన్ కమిషన్ వాల్వ్‌కీ, ఇంకో అయిదుగురు పబ్లిషర్లకీ కలిపి 78 లక్షల యూరోల జరిమానా వేసింది. దాదాపు 100 పీసీ గేముల సంగతి అది. పబ్లిషర్లు అయిదుగురూ విచారణకి సహకరించి జరిమానా కొంత తగ్గించుకున్నారు. వాల్వ్ సహకరించకుండా కోర్టుకెళ్ళి, 2023 సెప్టెంబరులో ఓడింది. అంటే ఈ తాళం దేవుడు వేసింది కాదు, మనుషులు కూర్చుని మాట్లాడుకుని వేసింది. యూరోపియన్ యూనియన్ బయట ఉన్నవాడికి అదీ వార్తగా చదువుకోవడానికే.

గోడ తీసేస్తే చౌక ధర కూడా పోతుందని తమరి వకీళ్ళు అంటారు. అందులో నిజం లేకపోలేదు. అర్జెంటీనా, టర్కీల్లో ధర తక్కువని ఎక్కడెక్కడివాళ్ళో దొంగదారిన ఆ స్టోర్లలో దూరారు. ఇటు చూస్తే ఆ రెండు కరెన్సీలు రోజురోజుకీ కరిగిపోతున్నాయి. చివరికి 2023 నవంబరు 20న స్టీమ్ రెండు చోట్లా స్థానిక కరెన్సీ ఎత్తేసి అమెరికన్ డాలర్లు పెట్టింది. మారకం రేట్లు నిలకడగా లేవు కాబట్టి డెవలపర్లకి ధర పెట్టడం కష్టమవుతోందని కారణం చెప్పారు. దూరినవాళ్ళు తమ పాత స్టోర్లకి వెళ్ళిపోయారు. పెసోల్లో, లీరాల్లో జీతం తీసుకునేవాళ్ళు మాత్రం ఎక్కడికి పోతారు? కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది వాళ్ళ పని.

జపాన్‌లోనైతే గోడని భాషతో కట్టారు. 2025లో నింటెండో స్విచ్ 2 అనే గేమ్ కన్సోల్ వచ్చినప్పుడు జపనీస్ భాష ఒక్కటే ఉంటే 49,980 యెన్లు, మిగతా భాషలు కూడా కావాలంటే 69,980. మెనూలో ఇంగ్లిష్ చదువుకోవడానికి 20,000 యెన్లు. ట్యూషన్ ఫీజు అనుకోవాలి కాబోలు.

మళ్ళీ తేడా దగ్గరికే వస్తాను. ఒక స్టోర్ మాత్రం ఆ తేడాని దాచకుండా ఒప్పుకుంది. జీవోజీ వాళ్ళు 2014లో ఒక పద్ధతి పెట్టారు. పబ్లిషర్ పట్టుబట్టడం వల్ల ఏ దేశంలోనైనా అమెరికా కంటే ఎక్కువ ధర పెట్టాల్సొస్తే, ఎంత ఎక్కువైందో లెక్కకట్టి అంతా స్టోర్ క్రెడిట్‌గా వెనక్కి ఇచ్చేవారు. అంటే లెక్క చెయ్యొచ్చన్నమాట. చెప్పొచ్చన్నమాట. తిరిగి ఇవ్వొచ్చు కూడా! డెవలపర్లకి వాటా పెంచుతున్నాం, ఇక భరించలేమని 2019 మార్చి చివర్లో ఆపేశారు. ఆపినందుకు నాకు కోపం లేదు, అంతకాలం ఇచ్చారు. మిగతా స్టోర్లు మాత్రం అదే లెక్కని నన్ను గుమ్మంలో ఆపడానికి మాత్రమే వాడుతున్నాయి.

అన్నట్టు, మా కరెన్సీ పడిపోయినప్పుడు ఈ తేడా ఎంత చురుగ్గా సర్దుకుంటుందో గమనించారా? 'ధర సవరణ' అని వెంటనే వచ్చేస్తుంది. అదే కరెన్సీ కోలుకున్నప్పుడు సవరణ గారు ఎక్కడ నిద్రపోతారో తెలియదు. 2020లో కొత్త కన్సోళ్ళతో పాటు పెద్ద గేములు 60 డాలర్ల నుంచి 70కి ఎగబాకినప్పుడు కూడా నాకు ఏ ప్రాంతీయ కనికరమూ కనపడలేదు. పెంచేటప్పుడు మనమంతా ఒకే ప్రపంచం, తగ్గించేటప్పుడే ప్రాంతాలు గుర్తొస్తాయి.

ఇంతా చేసి కొన్నది నా సొంతమా అంటే అదీ కాదు. 2025 జనవరి నుంచి కాలిఫోర్నియా చట్టం ప్రకారం, మీరు కొంటున్నది లైసెన్స్ మాత్రమేనని స్టోర్లు స్పష్టంగా చెప్పి తీరాలి. సంతోషం. లైసెన్స్‌కి కూడా దేశాన్ని బట్టి ధరన్నమాట.

చూడూ, ఇక తమరూ గిమరూ నా వల్ల కాదు. నా ఫ్రెండు వాడి డబ్బుతో, వాడి కార్డు మీద, వాడి ఇష్టప్రకారం నాకు ఒక గేమ్ కొనిపెడతానన్నాడు. నేను రీసేల్ చేసే వ్యాపారిని కాదు. బస్తాలకొద్దీ కీలు కొని అమ్ముకునేవాళ్ళు వేరే ఉన్నారు, వాళ్ళని పట్టుకోవడం నీకు చేతకాదు. చేతకాక, ఏడాదికి ఒక గిఫ్ట్ పుచ్చుకునేవాడి పేరు చెరిపి కూర్చున్నావు. సరే, ఆపాలనుకుంటే ఆపు. కానీ ఆపేటప్పుడు ఎంత తేడా ఉందో ఆ అంకె వెయ్యి. తేడా ఇంత, కడితే పంపిస్తాం అను. మావాడు ఆ తేడా కట్టేసి పంపేవాడు, నాతో అన్నాడు కూడా. నీకు రావాల్సింది నీకొచ్చేది, మా ఆట మేం ఆడుకునేవాళ్ళం. ఆ ఒక్క బటన్ పెట్టడానికి ఏమైంది? నవ్వు మొహాలు పెట్టడానికి తీరిక దొరికింది కదా!

నిన్నటి టికెట్‌కి ఇవాళ పొద్దున సపోర్ట్ నుంచి సమాధానం వచ్చింది. ధరలు ప్రాంతాన్ని బట్టి మారవచ్చట. ఆ ముక్క నీకే ఫార్వర్డ్ చేస్తున్నాను. ఈ ఉత్తరానికి జవాబు రాయనక్కర్లేదు, "మీ అనుభవాన్ని రేట్ చెయ్యండి" అనే మెయిల్ మాత్రం అసలే పంపకు.

ఇట్లు,
బూడిదరంగు పేరుగలవాడు