లైబ్రరీ సెస్సు గారికి, కేరాఫ్ మున్సిపల్ ఖజానా

మహారాజశ్రీ లైబ్రరీ సెస్సు గారికి,

ఇంటి పన్ను లెక్కలో మీకంటూ ఒక చిన్న గడి ఉంది. పన్ను రూపాయికి మీ వాటా 8 పైసలు. రాష్ట్రం రెండయింది, ఉద్యోగులను పంచుకున్నారు, నీళ్ల కోసం ఇంకా కొట్లాడుకుంటున్నారు. మీ విషయంలో మాత్రం ఏ పేచీ రాలేదు. అక్కడా 8, ఇక్కడా 8. వసూళ్ల దగ్గర తెలుగువాళ్లంతా ఒక్కటే!

1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం మిమ్మల్ని వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. మొదటి సగం అక్షరాలా అమలవుతోంది. రెండో సగం దగ్గరకు వచ్చేసరికి మీకు కాళ్ల నొప్పులు మొదలవుతాయి కాబోలు, ఖజానాలోనే నడుం వాలుస్తారు. గ్రంథాలయ సంస్థల వాళ్లు బకాయిలు కోట్లలో ఉన్నాయని ఉత్తరాలు రాస్తూనే ఉంటారు. చట్టం వరమిచ్చినా మున్సిపాలిటీ పూజారి ప్రసాదం పెట్టడు.

అదే నేను ఇంటి పన్ను ఆలస్యం చేస్తే? నెలకు 2 శాతం వడ్డీ, ఆ తర్వాత నోటీసు. మిమ్మల్ని ఏళ్ల తరబడి అట్టిపెట్టుకున్న వాళ్లకు ఇదే లెక్కన వడ్డీ వేస్తే ఊరికో కొత్త లైబ్రరీ కట్టొచ్చేమో. తప్పు తప్పు, అంత ఆశ పడకూడదు. కనీసం ఉన్నదాని కప్పు కురవకుండా చూసుకోవచ్చు.

మీరు పుట్టకముందు సంగతి మీకెవరైనా చెప్పారో లేదో. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం పెట్టినప్పుడు, 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం మొదలైనప్పుడు మీరు లేరు. జనమే చందాలు వేసుకున్నారు, పుస్తకాలు తెచ్చుకున్నారు. ఆ భారం ఇక మోయక్కర్లేదని మిమ్మల్ని పుట్టించారు. ఇప్పుడు జనం పన్నూ కడుతున్నారు, పుస్తకాలూ వాళ్లే తెచ్చుకుంటున్నారు. నమ్మకపోతే మా లైబ్రరీకి వచ్చి చూడండి. గ్రూప్స్ కోసం, కానిస్టేబుల్ ఉద్యోగాల కోసం చదివే పిల్లలు సొంత పుస్తకాలు, వాటర్ బాటిల్, ఒక్కోసారి సొంత కుర్చీ కూడా తెచ్చుకుంటారు. లైబ్రరీ ఇచ్చేది ఫ్యాను గాలి. అదీ కరెంటు ఉంటే.

మీ సంగతి ఇలా ఉండగా, ఢిల్లీలో మీ దూరపు చుట్టానికి మహర్దశ పట్టింది. 2024 నవంబరులో కేంద్రం 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' అని మూడేళ్లకు 6,000 కోట్లు కేటాయించింది. 30 అంతర్జాతీయ ప్రచురణ సంస్థల పరిశోధన పత్రికలు (జర్నళ్లు) దాదాపు 13,000 వస్తాయట. దీన్ని వెక్కిరించను. చిన్న ఊరి ప్రభుత్వ కాలేజీ పిల్లలకు అవి అందితే మంచిదే. కానీ ఆ తలుపు ప్రభుత్వ విద్యాసంస్థలకు, పరిశోధన సంస్థలకే తెరుచుకుంటుంది. మా శాఖా గ్రంథాలయం పేరు అందులో లేదు. మన పన్నులతో జరిగిన పరిశోధనను మన పన్నులతోనే తిరిగి కొని, చదవడానికి మాత్రం పన్ను కట్టిన మనిషిని గేటు బయట నిలబెట్టారు. ఆ 30 సంస్థలేవీ మన గ్రంథాలయ సంస్థలా బకాయిల కోసం ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నట్టు నేనైతే వినలేదు.

ఒకవేళ మీకు దయ కలిగి లైబ్రరీకి చేరినా, తొందరపడి ఈ-బుక్స్ కొనమనకండి. కాగితం పుస్తకం కొంటే అట్ట ఊడినా మనదే. ఈ-బుక్‌ను మాత్రం చాలావరకు లైసెన్సు పేరుతో అద్దెకే ఇస్తారు. 2011లో హార్పర్‌కాలిన్స్ అనే ప్రచురణ సంస్థ అయితే ఒక ఈ-బుక్‌ను 26 సార్లు అరువిచ్చాక లైబ్రరీ మళ్లీ డబ్బు కట్టాల్సిందేనని షరతు పెట్టింది. మా లైబ్రేరియన్ చిరిగిన పుస్తకాన్ని దబ్బనంతో కుట్టి ఇంకో పదేళ్లు నడిపిస్తాడు. గడువు తీరిన ఫైలును ఏ దారంతో కుట్టమంటారు?

రాదలుచుకుంటే దారి చెబుతాను. మున్సిపల్ ఆఫీసు గేటు దాటి ఎడమకు తిరగండి, పది అడుగులు వేస్తే బోర్డు కనిపిస్తుంది. పొద్దున 8 నుంచి 11, సాయంత్రం 4 నుంచి 7. శుక్రవారం మాత్రం రాకండి, సెలవు.

ఇట్లు,
5 శాతం రిబేటు కోసం ఏప్రిల్‌లోనే మిమ్మల్ని కట్టేసే పన్నుదారు