చూసినందుకు డబ్బులివ్వం, మార్చినందుకు ఇస్తాం

కడపలో ఒక పాత కారు అమ్మకానికి వచ్చిందంటే చూడటానికి నలుగురం కలిసి పోతాం. చుట్టూ తిరిగి గీతలు వెతుకుతాం. డోర్లు తీసి వేసి చప్పుడు వింటాం. సీటు కవర్లు, మ్యూజిక్ సిస్టమ్, మీటర్‌లో కిలోమీటర్లు చూస్తాం. ఒక రౌండు తోలి ‘పికప్ బాగానే ఉంది’ అనుకుంటాం. రెండు లక్షలో మూడు లక్షలో పోసే ఆ బేరంలో, బండిని రెండు గంటలు నింపాదిగా పరీక్షించమని మెకానిక్‌కి వెయ్యో పదిహేను వందలో ఇచ్చినవాళ్లు నాకు తెలిసి చాలా తక్కువ. తెలిసిన మెకానిక్‌ని వెంట తీసుకుపోయి టీ తాగిస్తాం. ఆయన మొహమాటానికి పది నిమిషాలు చూసి ‘పర్వాలేదు, తీసుకోండి’ అంటాడు.

పాత కారును నమ్మలేం, ఎప్పుడు ఎక్కడ ఆగిపోతుందో తెలియదు అనే మాట రోజూ వింటుంటాం. అందులో కొంత నిజం ఉంది. పదేళ్లు దాటిన బండిలో రబ్బరు పెళుసెక్కుతుంది, వైర్లు ఎండిపోతాయి, ఇనుము తుప్పు పడుతుంది. కానీ మన బండ్లు దారిలో మొండికేయడానికి వయసు కంటే పెద్ద కారణం ఇంకొకటి ఉందని నా అభిప్రాయం. జబ్బు కనిపెట్టే పనికి మనం విలువ కట్టం. కొనేటప్పుడూ కట్టం, రిపేరుకు ఇచ్చేటప్పుడూ కట్టం. సామాను మారిస్తేనే డబ్బులిస్తాం.

నా అనుభవమే చెబుతాను. నాది 2011లో రిజిస్టరైన పెట్రోల్ చిన్న కారు, ఏపీ 04 నంబరు. ఇద్దరి చేతులు మారాక నా దగ్గరికి వచ్చింది. మూడేళ్ల కిందట మే నెలలో అమ్మను ఎక్కించుకుని రాయచోటికి బయల్దేరాను. కడప దాటి గువ్వలచెరువు ఘాట్ ఎక్కుతుంటే టెంపరేచర్ ముల్లు పైకి లేచింది. ఏసీ ఆపేశాను. ఇంకో రెండు మలుపులు తిరిగేసరికి బోనెట్ సందుల్లోంచి ఆవిరి వచ్చింది. ఒక పక్క లోయ, ఇంకో పక్క లోడు లారీలు. షుగర్ ఉన్న మనిషిని ఆ ఎండలో గంటసేపు గొడుగు కింద కూర్చోబెట్టాల్సి వచ్చింది. ఆ టెన్షన్ ఇప్పటికీ మరిచిపోలేను.

తిరిగొచ్చాక మొదటి షెడ్డులో థర్మోస్టాట్ వాల్వ్ మార్చారు. వారం బాగుంది, మళ్లీ హీట్ ఎక్కింది. రెండో చోట వాటర్ పంపు అన్నారు, మార్చారు. మూడో చోట ఫ్యాన్ మోటారు. రెండు నెలల్లో తొమ్మిది వేలకు పైగా పోయాయి, జబ్బు మాత్రం అలాగే ఉంది. నాలుగో షెడ్డులో ఒక పెద్దాయన ఏదీ విప్పలేదు. చల్లబడిన ఇంజిన్ మీద, దాని నీళ్లను చల్లార్చే రేడియేటర్ మూత తీసి, లోపల వేలు పెట్టి తిప్పి, వేలికి అంటిన తెల్లటి పొరను చూశాడు. “ఏం నీళ్లు పోస్తాండారు సార్ ఇందులో?” అని అడిగాడు. ఇంట్లో బోరు నీళ్లే అన్నాను. బండిని స్టార్ట్ చేసి అరగంట అలాగే వదిలేశాడు. తర్వాత ఇంజిన్ ఆపించి రేడియేటర్ మీద అక్కడక్కడా చెయ్యి పెట్టి చూశాడు. పైన కాలిపోతోంది, కింద సగం దాదాపు చల్లగా ఉంది. అంటే వేడి నీళ్లు అక్కడిదాకా దిగడం లేదు, గొట్టాలు మూసుకుపోయాయి. రేడియేటర్ మార్చాక ఆ సమస్య మళ్లీ రాలేదు.

ఇక్కడ నన్ను బాధపెట్టేది ఒకటుంది. ఊహించి సామాను మార్చిన ముగ్గురికీ సామాను మీద లాభం, పైన కూలి దక్కాయి. జబ్బు పట్టుకున్న మనిషి ఆ గంటన్నర కష్టానికి ఏమీ తీసుకోలేదు. “చూసినందుకు ఏముంది సార్” అన్నాడు. మనం అలా అలవాటు చేశాం. డాక్టర్ మందు రాయకపోయినా ఫీజు ఇస్తాం. మెకానిక్ ‘ఇందులో మార్చాల్సిందేమీ లేదు’ అంటే మాత్రం చేతులు దులుపుకొని వచ్చేస్తాం. నిజం చెబితే నష్టపోయేది ఆయనే అయినప్పుడు, ఏదో ఒకటి మార్చి చూద్దాం అనే పద్ధతి షెడ్డుల్లో పాతుకుపోవడంలో వింతేముంది? తప్పంతా మెకానిక్‌ల మీదికి నెట్టడం న్యాయం కాదు. ఆ లెక్క మనం రాసిందే.

రేడియేటర్ సంగతి ఇంకొంచెం చెప్పాలి. మన జిల్లాల్లో పాత కారును అన్నిటికంటే ముందు దెబ్బతీసేది ఇదే. వేసవిలో 43, 44 డిగ్రీలు తాకే ఊళ్లు మనవి. భూగర్భ జలాల్లో సున్నం ఎక్కువ. బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లటి పెచ్చు కట్టడం ప్రతి ఇంట్లో చూసేదే. అదే పెచ్చు రేడియేటర్ సన్న గొట్టాల్లోనూ కడుతుంది. ‘కూలెంట్ చలి దేశాలకు, మంచు పడే చోట్లకు, మనకెందుకు, నీళ్లు చాలు’ అని చెప్పేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అది పొరపాటు. కూలెంట్ గడ్డకట్టకుండా ఆపడమే కాదు, మరిగే ఉష్ణోగ్రతను పెంచుతుంది, లోపల అల్యూమినియం తినుకుపోకుండా చూస్తుంది. రేడియేటర్ మూత కూడా మామూలు మూత కాదు. లోపల పీడనం పట్టి ఉంచి, నీళ్లు వంద డిగ్రీల దగ్గరే మరిగిపోకుండా కాపాడుతుంది. దాని రబ్బరు పోతే ఎంత మంచి కూలెంట్ పోసినా ఘాట్‌లో పొంగుతుంది. రెండు మూడు వందలు కూడా ఉండని ఆ మూతను నిర్లక్ష్యం చేసి ఇంజిన్ పై భాగమైన హెడ్ కింద ఉండే గ్యాస్కెట్ కాలిపోయేదాకా తెచ్చుకుంటాం. గోటితో పోయేదానికి గొడ్డలి అంటే ఇదే.

హీట్ ఎక్కినప్పుడు చేసే పనుల్లోనూ ప్రమాదం ఉంది. వేడి మీద మూత తిప్పితే మరిగే నీళ్లు మొహం మీదికి చిమ్ముతాయి. కాలే ఇంజిన్‌లో చల్లటి నీళ్లు కుమ్మరిస్తే హెడ్ వంకర పోవచ్చు, పగలనూ వచ్చు. ముల్లు లేస్తున్నప్పుడే ఏసీ ఆపి, హీటర్ ఫుల్‌గా పెట్టి, అద్దాలు దించి, చోటు దొరకగానే ఆపాలి. హీటర్ కూడా చిన్న రేడియేటర్ లాంటిదే, ఇంజిన్ వేడిని కొంత బయటికి లాగుతుంది. ఆ రోజు ఘాట్‌లో నాకీ సంగతి తెలియదు.

నమ్మకం అనే మాటను మనం వాడే తీరులోనే నాకొక అభ్యంతరం ఉంది. ఎప్పుడూ చెడిపోని కారు ఏదీ లేదు, కొత్తదైనా సరే. చూడాల్సింది, చెడిపోయేముందు చెబుతుందా చెప్పదా అన్నది. క్లచ్ ప్లేట్ చెప్పి పోతుంది. నెలల ముందే రేస్ చేస్తే ఇంజిన్ అరుస్తుంది, బండి కదలదు. సస్పెన్షన్ బుష్‌లు గుంతల్లో టకటకలాడి చెబుతాయి. బ్యాటరీ ఉదయం స్టార్ట్ అయ్యేటప్పుడు మూలుగుతుంది. వీటికి భయపడక్కర్లేదు, వింటే చాలు. చెప్పకుండా పోయేవి వేరే ఉన్నాయి. వాల్వులను నడిపే టైమింగ్ బెల్ట్ ఉన్న ఇంజిన్లలో అది తెగేదాకా చాలాసార్లు ఏ చప్పుడూ ఉండదు. తెగితే చాలా ఇంజిన్లలో వాల్వులు పిస్టన్‌కు తగిలి వంగిపోతాయి, ఖర్చు పదుల వేలల్లోకి పోతుంది. కొన్ని ఇంజిన్లకు బెల్ట్ బదులు చైన్ ఉంటుంది. మీ బండికి ఏదుందో కొనకముందే తెలుసుకోవాలి. బెల్ట్ అయితే ఎప్పుడు మార్చారో రుజువు అడగాలి. రుజువు లేకపోతే మార్చలేదనే లెక్క వేసుకోవాలి.

టైర్లూ అంతే. మనవాళ్లు గాడి లోతు చూస్తారు, పుట్టిన తేదీ చూడరు. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి. 2318 అని ఉంటే 2018లో 23వ వారంలో తయారైందని అర్థం. ఇంటి దగ్గర నిలబెట్టి ఉంచిన తక్కువ కిలోమీటర్ల బండి అని మురిసిపోయి కొన్నదానికి గాడి నిండుగా ఉండి, రబ్బరు ఎండి చీలికలు పడి ఉండటం మామూలే. మే నెలలో తిరుపతి రోడ్డు మీద వందలో పోయేటప్పుడు ఆ టైరు మీద కూర్చున్నది మన పిల్లలు. బ్రేక్ ఆయిల్ సంగతి ఇంకా తక్కువ మందికి తెలుసు. అది గాలిలో తేమను పీల్చుకుంటుంది, తేమ చేరేకొద్దీ తక్కువ వేడికే మరుగుతుంది. గువ్వలచెరువు ఎక్కడం ఇంజిన్‌కు పరీక్ష అయితే, దిగడం బ్రేకులకు. పాత ఆయిల్‌తో, బ్రేక్ మీద కాలు తీయకుండా దిగితే పెడల్ మెత్తబడి లోపలికి పోతుంది. రెండేళ్లకోసారి ఆయిల్ మార్చడం, దిగేటప్పుడు రెండో గేరులో ఉంచడం, ఈ రెంటికీ పెద్ద డబ్బేమీ కాదు.

ఏ కారు కొనాలన్న దగ్గర ఇంకో లెక్క తప్పుతుంది. కారు ధర ఏటా పడిపోతుంది, సామాను ధర పడిపోదు. కొత్తప్పుడు పదిహేను లక్షలైన డీజిల్ కారు పదేళ్లకు మూడు లక్షలకు దొరకొచ్చు. కానీ దాని ఇంజెక్టర్లు, టర్బో మూడు లక్షల కారు ధరకు దొరకవు. అవి పదిహేను లక్షల కారు సామానే. హోదా చూసి అలాంటి బండి కొన్నవాళ్లలో కొందరు మొదటి పెద్ద రిపేరుకే దాన్ని మూల నిలబెట్టేస్తున్నారు. సామాను ఎక్కడ దొరుకుతుందన్నదీ అంతే ముఖ్యం. షెవర్లే 2017 చివరకు మన దేశంలో అమ్మకాలు ఆపేసింది. ఇక్కడ తయారీ ఆపుతున్నట్టు ఫోర్డ్ 2021 సెప్టెంబర్‌లో ప్రకటించింది. వాటిలో మంచి ఇంజిన్లు లేవని కాదు. కానీ ఒక చిన్న సెన్సర్ కోసం చెన్నైకో బెంగళూరుకో ఫోన్లు చేసి నాలుగు రోజులు ఎదురుచూసే ఓపిక ఉంటేనే వాటి జోలికి పోవాలి. మైదుకూరులోనో రాజంపేటలోనో ఆగినా గంటలో సామాను దొరికే మామూలు బండి, దర్జా తక్కువైనా, మన అవసరానికి ఎక్కువ నమ్మకమైనది.

ఈ మధ్య పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది. పాత బండ్లలో కొన్ని రబ్బరు భాగాలు, గ్యాస్కెట్లు కొంతకాలం వాడాక మార్చాల్సి రావచ్చని 2025 ఆగస్టులో పెట్రోలియం శాఖే చెప్పింది. సర్వీసుకు ఇచ్చినప్పుడు పెట్రోల్ పైపులు కూడా చూడమని అడిగితే సరిపోతుంది, బెంబేలు పడక్కర్లేదు.

ఇక ఎప్పుడు వదిలించుకోవాలి? ‘రిపేరు ఖర్చు బండి ధరలో సగం దాటితే అమ్మెయ్’ అంటారు. ఈ మాట నేను ఒప్పుకోను. బండిని అమ్మితే వచ్చే ధరతో పోల్చడం వల్ల ఏమీ తెలియదు. వచ్చే రెండేళ్లు తిరగడానికి ఇంకో దారిలో ఎంత అవుతుందో దానితో పోల్చాలి. కొత్త చిన్న కారుకు ఐదు లక్షల అప్పు ఐదేళ్లకు తీసుకుంటే నెలకు పదివేలకు పైగా కిస్తీ, ఏడాదికి లక్షా ఇరవై వేల పైమాటే. గత మూడేళ్లలో నా బండి మీద సర్వీసులు, రిపేర్లు, టైర్లు కలిపి నేను పెట్టింది 71 వేలు, నోటుబుక్కులో రాసి ఉంది. దారిలో ఆగిన రోజుల ఇబ్బంది ఆ లెక్కలో లేదు, అది ఒప్పుకోవాలి. రోజూ వంద కిలోమీటర్లు ఉద్యోగానికి తిరిగేవాళ్లకు ఆ ఇబ్బందే అన్నిటికంటే పెద్ద ఖర్చు కావచ్చు. ఒక్క విషయంలో మాత్రం ఏ లెక్కా వేయను. ఫ్లోర్, చాసిస్ తుప్పు పట్టి మెత్తబడితే ఆ బండిని ఇంకొకరికి కూడా అమ్మకూడదు.

కాగితాల దగ్గర చేసే అజాగ్రత్త ఇంజిన్ కంటే ప్రమాదం. అమ్మినవాళ్లు ఫారాలు 29, 30 మీద సంతకం పెట్టేసి ‘పేరు మార్పించుకోండి’ అని వదిలేస్తారు. కొన్నవాళ్లు నెలల తరబడి మార్పించుకోరు. ప్రమాదం జరిగితే రికార్డులో ఎవరి పేరుంటే వాళ్లే యజమాని అని సుప్రీంకోర్టు 2018లో నవీన్ కుమార్ కేసులో తేల్చి చెప్పింది. బండి మూడు చేతులు మారినా సరే. అందుకే పేరు మారేదాకా డబ్బులో కొంత ఆపి ఉంచడం ఇద్దరికీ మంచిది. బెంగళూరులో చవకగా వస్తోందని కేఏ నంబరు బండి తెచ్చుకునేవాళ్లు ఎన్‌వోసీ (అక్కడి రవాణా శాఖ ఇచ్చే నిరభ్యంతర పత్రం) ఖర్చు, ఇక్కడ మళ్లీ కట్టే లైఫ్ ట్యాక్స్ కలుపుకొని చూడాలి. కలిపితే ఆ చవక చాలాసార్లు మిగలదు.

నా బండికి ఈ ఏడాది పదిహేనేళ్లు నిండుతున్నాయి. ఆర్‌సీ ఇంకో ఐదేళ్లు పొడిగించుకోవాలి. ఒకప్పుడు 600 ఉన్న ఆ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 5,000 అయింది, గ్రీన్ ట్యాక్స్ వేరే. కట్టేముందు ఆ పెద్దాయన షెడ్డుకే తీసుకుపోయాను. “ఈసారి ఏమీ మార్చొద్దన్నా, ఒక పూట చూసి ఏముందో రాసివ్వండి, దానికే డబ్బులిస్తాను” అన్నాను. బండిని జాకీ మీద లేపి, నాలుగు చక్రాలూ విప్పి చూశాడు. ఎడమ పక్క లోయర్ ఆర్మ్ బుష్ అరిగింది. వెనక చక్రం సిలిండర్ దగ్గర బ్రేక్ ఆయిల్ చెమ్మ కనిపించింది. పెట్రోల్ పైపు ఒకటి పెళుసెక్కింది. ఇంజిన్, గేర్‌బాక్స్ జోలికి పోవాల్సిన పనిలేదన్నాడు. సిగరెట్ పెట్టె అట్ట మీద రాసిచ్చాడు. పదిహేను వందలు చేతిలో పెడితే వెనక్కి నెట్టాడు. రెండుసార్లు బతిమాలాక తీసుకున్నాడు. బ్రేక్ సిలిండర్, పైపు పని సోమవారం మొదలుపెడతాడు. బుష్ వచ్చే నెలకు ఆగుతుందని ఆయనే చెప్పాడు.