క్విల్ట్ ప్యాటర్న్: ఫొటో కన్నా లెక్క ముఖ్యం

ఆన్‌లైన్‌లో క్విల్ట్ (బట్ట ముక్కలు అతికి కుట్టే బొంత) ప్యాటర్న్‌లకు, అంటే కత్తిరించి కుట్టే తీరు చెప్పే నమూనాలకు కొదవ లేదు. ఉచితంగా దొరికేవే బోలెడు. అయినా బట్ట చాలక, మూలలు కలవక మధ్యలో ఆగిపోయే పనులు ఎన్నో. ఫొటో చూసి మనసు పారేసుకుంటాం గానీ, ప్యాటర్న్ విలువంతా కత్తిరింపు కొలతల్లోనే ఉంటుంది. బట్టకు కట్టర్ తగలకముందే ఆ లెక్క సరిచూసుకోవాలి.

‘సులువైన క్విల్ట్’ అని వెతికితే అందమైన బొమ్మలే వస్తాయి. బ్లాక్ (బొంతలో పదేపదే వచ్చే చదరపు భాగం) పేరు, పూర్తయ్యాక ఉండాల్సిన కొలత ఇచ్చి వెతకండి. ఉదాహరణకు ‘ఒహాయో స్టార్, 12 అంగుళాలు’. ఇది తొమ్మిది గళ్ల బ్లాక్. ఒక్కో గడి 4 అంగుళాలు. కుట్టు మార్జిన్‌కు ప్రతి వైపూ పావు అంగుళం కలిపి, సాదా చదరాలు ఐదింటిని 4½ అంగుళాలకు కత్తిరించాలి. త్రికోణాల గళ్లు నాలుగింటికి 5¼ అంగుళాల చదరాలు కావాలి. 5½ అని ఎవరైనా రాస్తే అదీ తప్పు కాదు, కుట్టాక 4½కి సరిచేయమని చెప్పి ఉంటే. ఆ మాట లేదంటే రాసినవాళ్లు బ్లాక్‌ను కుట్టి చూశారా అని అనుమానించాల్సిందే.

తర్వాత బట్ట. 20 బ్లాకులకు సాదా చదరాలన్నీ ఒకే రంగులో అయితే 100 కావాలి. వాడుకోదగ్గ పన్నా 40 అంగుళాలనుకుంటే వరసకు 8 చదరాలు, మొత్తం 13 పట్టీలు, అంటే 58½ అంగుళాలు. ప్యాటర్న్‌లో ‘1⅝ గజాలు’ అని ఉంటే సరిగ్గా అంతే. అంచు తిన్నగా చేసుకోవడానికీ, ఉతికితే కుంచించుకుపోవడానికీ ఏమీ మిగలదు. 1¾ గజాలు తీసుకోవడమే క్షేమం.

అచ్చు తీసుకునే టెంప్లేట్లలో (ముక్కల ఆకారం గీసిన కాగితాల్లో) మరో చిక్కుంది. అమెరికాలో వాడే లెటర్ సైజు పేజీని ఏ4 కాగితంలో ‘ఫిట్’ చేస్తే దాదాపు 3 శాతం చిక్కిపోతుంది. ‘యాక్చువల్ సైజ్’ ఎంచుకుని, పేజీలోని అంగుళం గడిని స్కేలుతో కొలవాలి. అలాంటి గడే లేని టెంప్లేట్‌ను పక్కన పెట్టేయడం మేలు.

ఈమధ్య ఏఐ గీసిన బొమ్మలతో ప్యాటర్న్‌లు అమ్మకానికి వస్తున్నాయి. ఒకేలా ఉండాల్సిన బ్లాకుల్లో ముక్కల లెక్క మారడం, అతుకు గీత దారిలోనే మాయమవడం వాటి గుర్తులు. డబ్బు పెట్టి కొన్నవారికి కుట్టడానికి వీలుకాని బొమ్మ అంటగట్టడం మోసమే.

వీడియోలు చేతి కదలిక నేర్చుకోవడానికి మంచివి, కొలతలకు మాత్రం రాతప్రతే నయం. అసలు చూడాల్సిన ఇస్త్రీ దగ్గరే చాలా వీడియోలు వేగం పెంచేస్తాయి. ఏటవాలుగా కోసిన అంచు ఇట్టే సాగుతుంది. పెట్టెను రుద్దకుండా ఎత్తి అద్దాలి.

కుట్టేటప్పుడు మార్జిన్ పావు అంగుళం కన్నా ఒకటి రెండు నూలు పోగులంత తక్కువ ఉండాలి, మడతలో ఆ మేరకు బట్ట పోతుంది గనక. 1½ అంగుళాల పట్టీలు మూడు కలిపి కుట్టి ఇస్త్రీ చేస్తే నడిమి పట్టీ కచ్చితంగా అంగుళం రావాలి. మార్జిన్ పదహారో వంతు ఎక్కువైతే ఒక్కో కుట్టుకు ఎనిమిదో వంతు పోతుంది. నాలుగు బ్లాకుల వరసలో 11 కుట్లు, అంటే 1⅜ అంగుళాలు గల్లంతు.

అందుకే మిగులు బట్టతో ముందు ఒక్క బ్లాక్ కుట్టి కొలవండి. చుట్టూ మార్జిన్‌తో కలిపి 12½ అంగుళాలు రావాలి, నక్షత్రం మొనలు అంచుకు పావు అంగుళం లోపల ఆగాలి. 12¼ వస్తే తప్పు మార్జిన్‌ది. కొలత సరిపోయినా అంచులు అలలు తిరిగితే ఇస్త్రీ పెట్టెను రుద్దారన్నమాట.