నైసియా సభ బైబిల్ పుస్తకాలను ఎంపిక చేయలేదు

“క్రీ.శ. 325లో రోమ్ చక్రవర్తి కాన్‌స్టంటైన్ నైసియాలో బిషప్పులను కూర్చోబెట్టి తనకు నచ్చిన పుస్తకాలతో బైబిల్ తయారు చేయించాడు. మిగతా సువార్తలను తగలబెట్టించాడు. ఓటింగ్ పెట్టి యేసును దేవుణ్ణి చేశాడు.” ఈ మెసేజ్ ఎన్ని గ్రూపుల్లో తిరుగుతోందో! బాగా చదువుకున్నవాళ్లు కూడా నిజమనుకుని పంపేస్తున్నారు. బైబిల్‌ని నమ్మడం, నమ్మకపోవడం ఎవరిష్టం వాళ్లది. కానీ జరగనిదాన్ని చరిత్ర అని చెప్తుంటే ఊరుకోలేం.

ముందు పుస్తకాల సంగతి. నైసియా అంటే ఇప్పటి టర్కీలోని ఇజ్నిక్. అక్కడ చేసిన 20 నియమాలు నేటికీ దొరుకుతాయి. బిషప్పును ఎలా నియమించాలి, క్రైస్తవులను హింసించిన కాలంలో విశ్వాసం వదిలేసినవాళ్లను మళ్లీ ఎలా చేర్చుకోవాలి, వడ్డీలకు తిప్పే చర్చి గురువులను ఏం చేయాలి అన్నవి వాటిలో ఉన్నాయి. బైబిల్లో ఏ పుస్తకాలు ఉండాలన్న మాట ఒక్కదాంట్లోనూ లేదు.

మరి ఈ కథ ఎక్కడిది? పుస్తకాలన్నిటినీ బలిపీఠం దగ్గర పెట్టి ప్రార్థన చేస్తే అసలైనవి పైన నిలిచాయని, నకిలీవి కింద ఉండిపోయాయని 9వ శతాబ్దపు గ్రీకు రచన ఒకటి చెప్పింది. అంటే సభ ముగిసిన అయిదు వందల ఏళ్లకు! 18వ శతాబ్దంలో ఫ్రెంచి రచయిత వోల్టేర్ ఆ కథను ఎత్తి చూపి ఎగతాళి చేశాక అది ఇంకా పాకింది.

నిజానికి ఈ ఎంపిక ఎవరో ఒకరు ఒక్కరోజులో చేసింది కాదు. సువార్తలు నాలుగే అని ఇరేనియస్ అనే బిషప్పు 180 ప్రాంతంలోనే వాదించాడు. అప్పటికి కాన్‌స్టంటైన్ పుట్టనే లేదు. నైసియా సభలో కూర్చున్న బిషప్పు యూసేబియస్, తన సంఘ చరిత్రలో యాకోబు, యూదా, 2 పేతురు, 2, 3 యోహాను పత్రికల మీద భేదాభిప్రాయాలున్నాయని రాశాడు. ఇవాళ మనం చూసే 27 పుస్తకాల కొత్త నిబంధన (బైబిల్ రెండో భాగం) జాబితా అచ్చంగా అలాగే మొదట కనిపించేది 367లో అలెగ్జాండ్రియా బిషప్పు అథనేసియస్ రాసిన ఈస్టర్ లేఖలో. ఆ తర్వాత కూడా అందరూ ఒకే మాట మీదకు రాలేదు. పెషిత్తా అనే సిరియాక్ భాషా బైబిల్‌లో మొదట ఉన్న కొత్త నిబంధన పుస్తకాలు 22 మాత్రమే. అంతెందుకు, తెలుగులోనే ప్రొటెస్టెంట్ల బైబిల్‌లో 66 పుస్తకాలుంటే కథోలికుల బైబిల్‌లో 73 ఉన్నాయి. చక్రవర్తి ఆజ్ఞతో లెక్క తేలిపోయి ఉంటే ఈ తేడా ఎందుకుంటుంది?

తగలబెట్టడం అన్నదాంట్లో కొంచెం నిజముంది. కాన్‌స్టంటైన్ కాల్చేయమన్నది ఏరియస్ అనే చర్చి గురువు రాతలను, సువార్తలను కాదు.

ఇక ఓటింగ్. బిషప్పుల ముందున్న ప్రశ్న, కుమారుడు (యేసు) తండ్రితో (దేవుడితో) సమానుడా, లేక తండ్రి సృష్టించినవాడా అన్నది. యేసును ఆరాధించడం అప్పటికే పాతబడిన విషయం. క్రైస్తవులు క్రీస్తును దేవుడిగా భావించి పాటలు పాడుతున్నారని 112 ప్రాంతంలోనే ప్లినీ అనే రోమన్ అధికారి ట్రాజన్ చక్రవర్తికి ఉత్తరం రాశాడు. అతను క్రైస్తవుడు కాదు, వాళ్లను విచారించి శిక్షించినవాడు.

“కాన్‌స్టంటైన్ బైబిల్‌ని తిరగరాయించాడు” అనేవాళ్లూ ఉన్నారు. మాంచెస్టర్‌లో అరచేతిలో పట్టేంత పపైరస్ (మొక్క నారతో చేసిన పాతకాలపు కాగితం) ముక్క ఒకటుంది. రెండు వైపులా యోహాను సువార్త 18వ అధ్యాయం, పిలాతు ముందు విచారణ సగం సగం మాటలుగా కనిపిస్తుంది. ఎక్కువమంది పండితులు దాన్ని 2వ శతాబ్దానిదంటారు. లూకా, యోహాను సువార్తలున్న మరో పాత పపైరస్‌లోని పాఠం, 4వ శతాబ్దపు చేతిరాత బైబిల్ అయిన వాటికన్ ప్రతికి చాలా దగ్గరగా ఉంది. మధ్యలో ఎవరో కూర్చుని మార్చేసిన ఆనవాళ్లు లేవు.

అలాగని ఒక్క అక్షరమూ మారలేదనడమూ నిజం కాదు. వ్యభిచారంలో పట్టుబడ్డ స్త్రీ కథ (యోహాను 7:53–8:11) ఆ సువార్త పాత పపైరస్ ప్రతుల్లో లేదు. మార్కు సువార్త చివరి పన్నెండు వచనాలు సినాయ్, వాటికన్ అనే పాత చేతిరాత ప్రతుల్లో లేవు. బైబిల్ పాఠంలో మార్పుల గురించి వాదించాలనుకునేవాళ్లకు ఇక్కడ కావలసినంత ఉంది. నైసియాలో మాత్రం ఏమీ దొరకదు.