మేకను వెనక్కి తేవడం ఎవరు నేర్పుతారు?

విజయనగరం ఆర్టీసీ కాంప్లెక్సు దగ్గర ఇప్పుడు ఏ గోడ చూసినా కృత్రిమ మేధ కోర్సుల ఫ్లెక్సీలే. మూడు నెలల్లో నిపుణులను చేస్తామని ఒకరు, ఆరు వారాలు చాలునని మరొకరు. శ్రీకాకుళంలోనూ ఇదే వరస. ఇంతకీ అక్కడ నేర్పేది యంత్రాన్ని ఎలా అడగాలో మాత్రమే. అది నేర్చుకోవడం తప్పేమీ కాదు. కానీ ఆ యంత్రం ఆలోచిస్తున్నట్టు కనబడటం వెనుక డెబ్బై ఏళ్ల పరిశోధన ఉంది. మనిషి ఒక చిక్కును ఎలా విప్పుకుంటాడన్నదే ఆ పరిశోధన మొదటి ప్రశ్న. మన పిల్లల చదువులో ఆ ప్రశ్నకు చోటు లేకుండా చేసి, ఇప్పుడు దాని ఫలితాన్ని ఫీజు కట్టి కొనుక్కోమంటున్నాం.

కృత్రిమ మేధ రంగానికి పురుడు పోసిన 1956 వేసవి డార్ట్‌మత్ సమావేశం, ఆ రంగానికి జాన్ మెకార్తీ పెట్టిన పేరు, ఆ తర్వాతి ఎగుడుదిగుళ్లు ఈపాటికి చాలామంది చదివే ఉంటారు. ఆ సమావేశానికి కొన్ని నెలల ముందు జరిగిన ఒక ముచ్చటే నాకు ఎక్కువ ఇష్టం. 1956 జనవరిలో హెర్బర్ట్ సైమన్ అనే అమెరికా పరిశోధకుడు తన భార్యను, ముగ్గురు పిల్లలను, కొందరు విద్యార్థులను పిట్స్‌బర్గ్‌లో ఒకచోట చేర్చి తలా ఒక కార్డు ఇచ్చాడు. తర్కంలోని సిద్ధాంతాలను రుజువు చేసే ‘లాజిక్ థియరిస్ట్’ అనే ప్రోగ్రాములోని ఒక్కో భాగం ఒక్కో కార్డు మీద ఉంది. నీ వంతు వచ్చినప్పుడు కార్డు మీద రాసినట్టు చెయ్యి, అంతే. కంప్యూటరు మీద ఆ ప్రోగ్రాము ఇంకా నడవలేదు, మనుషులే కంప్యూటరుగా నిలబడి దాన్ని నడిపి చూశారు. తర్వాత అతని సహచరులు అలెన్ న్యూవెల్, క్లిఫ్ షా దాన్ని ర్యాండ్ సంస్థలోని జానియాక్ యంత్రం మీదికి ఎక్కించారు. రస్సెల్, వైట్‌హెడ్ రాసిన తర్కగ్రంథం ‘ప్రిన్సిపియా మాథమెటికా’ రెండో అధ్యాయంలోని మొదటి 52 సిద్ధాంతాల్లో 38 అది రుజువు చేసింది. వాటిలో 2.85 సంఖ్య గల సిద్ధాంతానికి మూలగ్రంథంలో కన్నా పొందికైన రుజువు ఇచ్చింది. ఆ రుజువును ప్రోగ్రామునే సహ రచయితగా చూపి ఒక తర్కశాస్త్ర పత్రికకు పంపితే, తెలిసిన సిద్ధాంతానికి మళ్లీ రుజువెందుకని తిప్పి పంపారు. జవాబు పాతదైతే దారికి విలువ లేదనుకునే సంపాదకులు అప్పుడూ ఉన్నారన్నమాట.

వీళ్లు అక్కడితో ఆగలేదు. విద్యార్థులను కూర్చోబెట్టి, ఒక సమస్య ఇచ్చి, మనసులో మెదిలేదంతా పైకి చెప్పమన్నారు. తడబాట్లు, వెనక్కి తగ్గడాలు, ‘అబ్బే, ఇది కాదు’ అనుకోవడాలు అన్నీ టేపు మీద రికార్డు చేశారు. దాన్ని వాక్యం వాక్యంగా రాయించి, ప్రోగ్రాము నడిచిన తీరుతో పక్కపక్కన పెట్టి పోల్చారు. 1950ల చివర్లో వచ్చిన ‘జనరల్ ప్రాబ్లమ్ సాల్వర్’ ప్రోగ్రాము పెరిగింది ఈ పద్ధతిలోనే. ఉన్నచోటికీ చేరాల్సిన చోటికీ ఉన్న తేడా ఏమిటో చూడు, ఆ తేడాను తగ్గించే పని వెతుకు, ఆ పనికి అడ్డమేదైనా ఉంటే ముందు దాన్ని తీసెయ్యి. ఇదే దాని ఆయువుపట్టు. న్యూవెల్ స్టాన్‌ఫర్డ్‌లో చదివేటప్పుడు జార్జ్ పోల్యా దగ్గర పాఠాలు విన్నాడు. లెక్క చేయడమనేది నేర్పదగిన విద్యేనని వాదించిన గణితవేత్త పోల్యా. కృత్రిమ మేధ వేర్లలో ఒకటి ఇలా ఒక లెక్కల మాస్టారి తరగతి గదిలో ఉంది.

ఈ పద్ధతి ఎక్కడ చిక్కుపడుతుందో చూడాలంటే అమెరికా దాకా పోనక్కర్లేదు. నాగావళి ఒడ్డున ఒక మనిషి, పులి, మేక, గడ్డిమోపు. పడవలో మనిషితో పాటు ఒక్కటే పడుతుంది. మనిషి లేకపోతే పులి మేకను తింటుంది, మేక గడ్డిని తింటుంది. ఇది తెలియని తెలుగు ఇల్లు ఉండదు. మొదట మేకను దాటించాలని పిల్లలు ఇట్టే చెప్పేస్తారు. వెనక్కి వచ్చి పులిని తీసుకెళతారు. అక్కడ ఆగిపోతారు. ఇప్పుడు అవతలి ఒడ్డున పులి, మేక రెండూ ఉన్నాయి, గడ్డి కోసం వెనక్కి వెళితే మేక మిగలదు. కొందరు గడ్డిని ముందు తెస్తానంటారు, అప్పుడూ అదే తంటా. చేయాల్సిందల్లా మేకను మళ్లీ పడవ ఎక్కించి బయల్దేరిన ఒడ్డుకు తేవడం. అది ఎంతకీ తట్టదు. చేరాల్సిన చోటికి చేరిపోయినదాన్ని చేజేతులా వెనక్కి తెమ్మంటే మనసు మొరాయిస్తుంది. నరమాంస భక్షకులు, మతబోధకులు నది దాటే సమస్యను మనస్తత్వ శాస్త్రజ్ఞులు జనానికి ఇచ్చి చూస్తే, అక్కడా ఇద్దరిని వెనక్కి తేవాల్సిన అడుగు దగ్గరే ఎక్కువమంది తడబడ్డారు.

తేడాను తగ్గించుకుంటూ పోవడం ఒక్కటే సూత్రమైతే ఈ అడుగు ఎప్పటికీ పడదు. ఏ దారిలో ఎంత దూరం వచ్చాం, ఇక ఎంత మిగిలి ఉండవచ్చు, ఎప్పుడు వదిలేసి పక్క దారి పట్టాలి అన్న లెక్క కావాలి. దాని మీద ఒక శాస్త్రమే పుట్టింది. షేకీ అనే రోబో గదుల మధ్య దారి వెతుక్కోవడానికని 1968లో హార్ట్, నిల్సన్, రాఫెల్ ప్రకటించిన ‘ఎ స్టార్’ పద్ధతి ఈ రోజుకీ దారులు వెతికే ప్రోగ్రాములకు పునాదిగా ఉంది.

ఇప్పుడు ఇదే పులి, మేక కథ మన బిట్ బ్యాంకులోకి వస్తే ఎలా ఉంటుందో చూడండి. పడవ నదిని మొత్తం ఎన్నిసార్లు దాటాలి? ఎ) 5, బి) 6, సి) 7, డి) 8. కుర్రవాడు సి మీద గుర్తు పెడతాడు. మార్కు వస్తుంది. వాడు మేకను ఒక్కసారి కూడా వెనక్కి తేలేదు. ఏడు అని ఎవరో చెప్పారు, వాడు గుర్తుంచుకున్నాడు. నా కోపమంతా ఈ ఏడు మీదే.

పదో తరగతి గణితంలో ఇంకా స్టెప్పు మార్కులున్నాయి, చివరి జవాబు తప్పినా దారి సరిగా ఉంటే టీచరు ఎంతో కొంత వేస్తారు. ఇంటర్ బోర్డు పరీక్షల్లోనూ ఆ మర్యాద మిగిలే ఉంది. కానీ ఇంజినీరింగ్ సీటు ఎక్కడన్నది ప్రధానంగా తేల్చేది ప్రవేశ పరీక్ష ర్యాంకు. అక్కడ 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు. ప్రశ్నకు నిమిషం మీద ఏడెనిమిది సెకన్లు. రఫ్ కాగితం ఎవరూ దిద్దరు. బొబ్బిలి నుంచి, టెక్కలి నుంచి పిల్లలను విశాఖ, విజయవాడ హాస్టళ్లకు పంపి తల్లిదండ్రులు అప్పు చేసి కొంటున్నది ఈ నిమిషం మీద ఏడెనిమిది సెకన్ల విద్యనే. ఆప్షన్లు చూసి జవాబు పసిగట్టడం, ఒకటి పెట్టి సరిపోతుందేమో చూసి వదిలేయడం. అందులో నేర్పు లేదనను. అది సమస్యను విప్పే నేర్పు కాదంటాను.

తమాషా ఏమిటంటే, మనం అడుగులను పారేసుకున్న కాలంలోనే యంత్రాల వాళ్లు వాటిని ఏరుకున్నారు. 2022లో టోక్యో విశ్వవిద్యాలయం, గూగుల్ పరిశోధకులు ఒక భాషా నమూనాకు, అంటే మాటలు అల్లే యంత్రానికి, మామూలు అంకగణిత ప్రశ్నలు ఇచ్చారు. నేరుగా అడిగితే 17.7 శాతం సరిగా చేసింది. అడుగడుగునా ఆలోచిద్దాం అన్న ఒక్క మాట చేరిస్తే 78.7 శాతానికి ఎగబాకింది. అదే యంత్రం, అవే ప్రశ్నలు. మరుసటి ఏడాది ఓపెన్ ఏఐ పరిశోధకులు గణిత సమస్యల పరిష్కారాల్లో దాదాపు 8 లక్షల మెట్లను మనుషుల చేత దిద్దించారు. ఏ మెట్టు ఒప్పు, ఏది తప్పు అని. జవాబును మాత్రమే చూసి శిక్షణ పొందిన దిద్దే యంత్రం కన్నా మెట్టు మెట్టూ చూసి శిక్షణ పొందిన దిద్దే యంత్రం మంచి పరిష్కారాలను ఎంచగలిగింది. ఒక యంత్రం కోసం 8 లక్షల స్టెప్పు మార్కులు వేయించారు. మన దగ్గర పదిహేడేళ్ల పిల్లకు ఒక్కటి వేయడానికి తీరిక లేదు.

ఎదుటి వాదన లేకపోలేదు. ఆ పాత పరిశోధన చతికిలబడిందని, దారులు విపరీతంగా పెరిగిపోయి యంత్రాలు ఉక్కిరిబిక్కిరయ్యాయని 1973లోనే బ్రిటన్‌లో లైట్‌హిల్ నివేదిక కడిగేసింది. పదేళ్లలో చదరంగం ప్రపంచ విజేత యంత్రమే అవుతుందని సైమన్ 1957లో చెప్తే, యంత్రం ప్రపంచ విజేతను ఓడించడానికి 1997 దాకా పట్టింది. 2025 జనవరిలో వచ్చిన చైనా నమూనా డీప్‌సీక్ ఆర్1 అయితే, ప్రధానంగా చివరి జవాబు సరైనదా కాదా అన్న బహుమతితోనే తర్కం నేర్చుకుంది, మెట్లు ఎవరూ దిద్దలేదు. ఇవన్నీ నిజాలే. అయితే ఆ నమూనా లెక్కలేనన్ని ప్రయత్నాలు చేసి, పొరపడి, మళ్లీ మొదలుపెట్టి నేర్చుకున్నది ఏమిటో చూడండి. పొడుగాటి రఫ్ పని రాయడం, మధ్యలో ఆగి తన మెట్టును తానే అనుమానించడం. జవాబు బహుమతిగా పెట్టినా చివరికి చేరింది అడుగుల దగ్గరికే. అన్ని ప్రయత్నాలు చేసే అవకాశం మన పిల్లకు ఏ పరీక్షా ఇవ్వదు. కాబట్టి పక్కన కూర్చుని మెట్టు చూపించే మనిషి ఆమెకు యంత్రానికన్నా ఎక్కువ అవసరం.

ఈ రంగంలో ట్యూరింగ్ అవార్డు అందుకున్న తెలుగువాడు రాజ్ రెడ్డి. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, మెకార్తీ దగ్గర పరిశోధన చేసి, న్యూవెల్, సైమన్ ఉన్న కార్నెగీ మెలన్‌లో దశాబ్దాలు పనిచేశారు. పల్లె బడుల్లో బాగా చదివిన పిల్లలను పదో తరగతి కాగానే తీసుకుని, ప్రవేశ పరీక్ష లేకుండా ఆరేళ్లు చదివించాలన్న ట్రిపుల్ ఐటీల ఆలోచన వెనుక ఉన్నదీ ఆయనే. అలాంటిది ఒకటి మన శ్రీకాకుళం జిల్లా ఎచ్చెర్ల దగ్గర ఉంది. కోచింగ్ రంధి లేని రెండేళ్లు అక్కడి పిల్లలకు దొరుకుతున్నాయి. పునాది పరిశోధనను చేతులతో చేసి చూడటానికి జిల్లాలో ఇంతకన్నా అనువైన చోటు లేదు. కార్డులు పంచి మనుషులతో ప్రోగ్రాము నడిపించడానికి కరెంటు కూడా అక్కర్లేదు.

అసలు ఈ విద్య మనకెందుకంటే, ఇదే జిల్లాలో ఉద్దానం ఉంది కాబట్టి. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు పక్క కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో దశాబ్దాలుగా తేలలేదు. భూగర్భ జలంలోని సిలికా అని, భార లోహాలని, పురుగుమందులని, తోటల్లో ఎండకు ఒళ్లు ఎండిపోవడమని, నొప్పి మాత్రలని, వంశంలోనే ఉందని అన్నారు. ఎవరి జవాబు వారిది. ఇది ఆప్షన్లలోంచి ఒకటి ఎంచే ప్రశ్న కాదు, రెండు మూడు కలిసి కూడా అయి ఉండవచ్చు. సిలికా ఎక్కువున్న చోట జబ్బూ ఎక్కువుంటే సిలికాయే కారణమైపోదు. ఆ నీటిని మార్చేస్తే జబ్బు తగ్గుతుందా అన్నది వేరే ప్రశ్న. ఈ రెండు ప్రశ్నలకూ తేడాను గణితంగా మార్చిన శాస్త్రవేత్త జూడియా పెర్ల్‌ను ఈ రంగం నెత్తిన పెట్టుకుంది. 1970లలో స్టాన్‌ఫర్డ్‌లో రక్తంలోని ఇన్‌ఫెక్షన్ల కోసం తయారుచేసిన మైసిన్ ప్రోగ్రాము కూడా, ఈ ప్రశ్న ఎందుకు అడుగుతున్నావని వైద్యుడు నిలదీస్తే తను వాడుతున్న నియమాన్ని చూపించేది. ఉద్దానం మీద తీర్పు చెప్పేవాళ్లలో ఎంతమంది ఆ పని చేస్తున్నారు?

పలాసలో 200 పడకల ఆసుపత్రి, 700 కోట్ల రూపాయల తాగునీటి పథకం 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. హిరమండలం జలాశయం నుంచి వంశధార నీరు ఉద్దానానికి వస్తోంది. నీటిని నిజంగానే మార్చేశారు కాబట్టి, పెర్ల్ ప్రశ్నను కాగితం మీద కాకుండా ఊళ్లలోనే అడగవచ్చు. కాకపోతే ఈ జబ్బు ఏళ్ల తరబడి ముదిరేది, ఫలితం రేపే కనబడదు. ఏ ఊరి కుళాయికి ఏ నెలలో కొత్త నీరు చేరింది, అంతకుముందు ఆ ఊరు ఏ బోరు నీరు తాగింది, ఎవరు వలస వెళ్లి ఎప్పుడు తిరిగొచ్చారు, ఇంకా పాత బావి నీరే తాగుతున్న ఇళ్లు ఎన్ని అన్నది ఇప్పుడే రాసిపెట్టాలి. ఎచ్చెర్ల పిల్లలకు, విజయనగరం ఇంజినీరింగ్ పిల్లలకు ఒక సెమిస్టరు ప్రాజెక్టుగా ఈ పని ఇవ్వవచ్చు. పలాసకు బస్సు ఛార్జీలు కళాశాలలు పెట్టుకుంటే చాలు, కవిటిలో ఆ వివరాలు చెప్పడానికి ఆశా కార్యకర్తలున్నారు.